రైతు ఖాతాలో పడిన డబ్బుతో ఊరికి మంచినీళ్లు: గంటకు వెయ్యి లీటర్ల ఆర్వో ప్లాంటు కొనొచ్చా?

గోదావరి, కృష్ణా డెల్టాలో చాలా పొలం దున్నేది కౌలు రైతులు. పీఎం కిసాన్ డబ్బు మాత్రం పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ల ఖాతాలోనే పడుతుంది. ఏడాదికి 6,000 రూపాయలు, విడతకు 2,000 చొప్పున మూడు విడతలు. 2025 ఆగస్టు 2న ఒక విడతకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అన్నదాత సుఖీభవ కింద మరో 5,000 కలిపితే ఒక్కో ఖాతాకు 7,000 వచ్చాయి. పొలం కౌలుకిచ్చి హైదరాబాదులోనో విశాఖలోనో ఉద్యోగం చేసుకునేవాళ్లకు ఆ డబ్బుతోనే ఇల్లు గడవాల్సిన పని లేదు. అలాంటివాళ్లు ఊళ్లో యాభై మంది కలిస్తే మూడున్నర లక్షలు. ఆ డబ్బుతో ఊరికి చేయగలిగిన పనుల్లో మంచినీళ్ల ప్లాంటుదే మొదటి స్థానమని మా అభిప్రాయం. కౌలు రైతుకీ కూలికీ రోజూ నేరుగా అందేది అదే. అయితే ఏ ప్లాంటు పడితే ఆ ప్లాంటు కొనకూడదు. అందుకే విజయవాడ, రాజమండ్రి, భీమవరం వైపు లోకల్‌గా బిగించి ఇచ్చే గంటకు వెయ్యి లీటర్ల రకాన్ని ఇక్కడ విడదీసి చూస్తున్నాం. కొటేషన్లు రెండు లక్షల నుంచి మూడున్నర లక్షల దాకా ఉంటాయి. తేడా అంతా స్టీలు, మోటారు, ఉప్పును వడకట్టే పొరలైన మెంబ్రేన్ల దగ్గరే.

ముందు మీ ఊరికి ఆర్వో, అంటే నీళ్లలో కరిగిన ఉప్పును తీసేసే వడపోత, అవసరమా అన్నది తేల్చుకోండి. నీళ్లలో కరిగిన లవణాలు (టీడీఎస్) ఎంతో చెప్పే మీటరు మూడు నాలుగు వందలకు దొరుకుతుంది, అది కొని బోరు నీళ్లు, పంచాయతీ చెరువు నీళ్లు రెండూ చూడండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచిది. వేరే దారి లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. కాలువ నీటితో నింపిన చెరువైతే సాధారణంగా 500 లోపే ఉంటుంది. ఆ నీళ్లలో ఉప్పు సమస్య కాదు, బురద, నాచు, సూక్ష్మక్రిములు సమస్య. దానికి అల్ట్రాఫిల్ట్రేషన్ (సన్న రంధ్రాల వడపోత), యూవీ (క్రిముల్ని చంపే దీపం) ఉన్న ప్లాంటు చాలు. ఖర్చు తక్కువ, కరెంటు తక్కువ, సగం నీళ్లు పారబోసే బాధా లేదు. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు, ఎందుకంటే ఆర్వో బిల్లే పెద్దది. కాళ్ల, ఆకివీడు, మొగల్తూరు వైపు బోరు ఉప్పగా ఉండి, వేసవిలో కాలువలు కట్టేశాక చెరువు అడుగంటే ఊళ్లకైతే ఆర్వో తప్పదు. టీడీఎస్ ఒక్కటే చూసి ఆగకండి. గ్రామీణ నీటి సరఫరా ల్యాబ్‌లో ఇనుము, గట్టిదనం, క్లోరైడు, నైట్రేటు పరీక్ష చేయించి, ఆ కాగితం చేతిలో పెట్టుకునే కొటేషన్ అడగండి.

ప్లాంటులో నీళ్లు వెళ్లే వరస ఇది: బోరు నుంచి ట్యాంకు, అక్కణ్నుంచి ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, సున్నం పేరుకోకుండా మందు చుక్కలుగా కలిపే డోసింగ్ పంపు, సన్న మట్టిని ఆపే ఐదు మైక్రాన్ల కాట్రిడ్జి, హై ప్రెషర్ మోటారు, మెంబ్రేన్లు, స్టీలు ట్యాంకు, యూవీ, కొళాయి. మెంబ్రేన్లలో రెండు కొలతలున్నాయి. వెయ్యి లీటర్లకు 8040 రకం (ఎనిమిది అంగుళాల లావుది) ఒకటి సరిపోతుంది, 4040 రకమైతే (నాలుగు అంగుళాలది) నాలుగు కావాలి. మేం 4040 నాలుగే పెట్టించుకోమంటాం. ఒకటి పాడైతే దాన్నే మార్చుకుని మిగతా మూడూ వాడుకోవచ్చు. పట్టణం నుంచి మెకానిక్ రాకపోయినా ఊళ్లో ఇద్దరు కలిసి మార్చేయొచ్చు. ఫ్రేము మాత్రం తప్పనిసరిగా ఎస్ఎస్ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. మామూలు ఇనుప ఫ్రేముకు పెయింటు వేసి ఇస్తే ఈ ఉప్పు గాలికి వెల్డింగు దగ్గర ముందు తుప్పు లేస్తుంది.

ఈ రకంలో పాడయ్యేది ఎక్కువగా మెంబ్రేనే. దానికి కారణాలు నాలుగు. ఇనుము లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే కాట్రిడ్జి విప్పినప్పుడు తెల్లగా ఉండాల్సిన దూది గోధుమ రంగు జిగురు పట్టి, వేలితో రాస్తే జారిపోతూ ఉంటుంది. అలా కనిపిస్తే విడిగా ఐరన్ ఫిల్టరు పెట్టాల్సిందే, కాట్రిడ్జి మార్చుకుంటూ పోతే డబ్బు దండగ. రెండోది సున్నం. డోసింగ్ పంపు ట్యూబు మూసుకుపోయినా, డబ్బాలో మందు అయిపోయినా బయటికి ఏమీ తెలియదు, లోపల మాత్రం తెల్లగా గట్టిపడిపోతుంది. మూడోది క్లోరిన్. పంచాయతీ ట్యాంకులో బ్లీచింగ్ వేసిన రోజు ఆ నీళ్లు పెడితే, కార్బన్ పాతబడి ఉంటే, క్లోరిన్ మెంబ్రేన్ పొరను తినేస్తుంది. పంచాయతీ సిబ్బంది దగ్గర ఉండే, క్లోరిన్ ఎంతుందో చూపే క్లోరోస్కోపుతో కార్బన్ తర్వాత నీళ్లు చూడండి, సున్నా రావాలి. నాలుగోది పనివాడి నిర్లక్ష్యం. సాయంత్రం ఆపే ముందు ఐదు నిమిషాలు రిజెక్ట్ వాల్వు (వడకట్టగా మిగిలిన ఉప్పు నీళ్లు బయటికి పోయేది) పూర్తిగా తెరిచి కడగాలి. ఇది మానేస్తే మెంబ్రేన్ మీద ఉప్పు రాత్రంతా అలాగే ఉండిపోతుంది.

జబ్బు ముందే పట్టుకోవడానికి ఒక పుస్తకం చాలు. రోజూ ఉదయం లోపలి టీడీఎస్, బయటి టీడీఎస్, కాట్రిడ్జికి ముందు వెనక ప్రెషరు, మంచినీళ్లు, రిజెక్టు గంటకు ఎన్ని లీటర్లు వస్తున్నాయో రాయాలి. కాట్రిడ్జి దగ్గర ప్రెషరు తేడా చదరపు సెంటీమీటరుకు ఒక కిలో దాటితే మార్చేయాలి. మంచినీళ్లు పదో వంతు తగ్గితే సున్నం పట్టిందేమో చూడాలి. సున్నమే అయితే వంద లీటర్ల మంచినీళ్లలో రెండు కిలోల సిట్రిక్ యాసిడ్ కలిపి అరగంట తిప్పి, గంట నానబెట్టి, మొదట వచ్చే నీళ్లు పారబోయాలి. నీళ్లు మూడో వంతు పడిపోయేదాకా ఆగితే ఇక కడిగినా తిరిగి రాదు.

ప్లాంటు నీళ్లు చప్పగా ఉన్నాయని జనం తాగకుండా వదిలేసే ఊళ్లున్నాయి. బయటి టీడీఎస్ 30, 40కి దించి అదే గొప్పగా చెప్పుకునే అమ్మకందారు మాట వినొద్దు. 80, 150 మధ్య ఉంచండి. దానికి కొంచెం ముడి నీళ్లు కలిపే బ్లెండింగ్ వాల్వు ఉంటుంది. ఆ వాల్వు నుంచి కలిసే నీళ్లు యూవీకి ముందే కలవాలి, తర్వాత కలిస్తే పచ్చి నీళ్లు తాగినట్టే. యూవీ కూడా స్టీలు ట్యాంకు తర్వాత, కొళాయికి దగ్గర్లో ఉండాలి. ట్యాంకులో నిలవున్న ఆర్వో నీళ్లలో క్లోరిన్ ఉండదు కాబట్టి క్రిములు పెరుగుతాయి. యూవీ దీపం వెలుగుతున్నంత మాత్రాన పని చేస్తున్నట్టు కాదు. ఏడాదికొకసారి మార్చాలి.

బిళ్ల వేస్తే నీళ్లు వదిలే కాయిన్ బాక్సు మీద మాకు అంత మంచి అభిప్రాయం లేదు. ఐదు రూపాయల బిళ్లలు ఒక్కో రకం ఒక్కో మందం, బరువు. మెషీన్‌కు నేర్పించని రకం వేస్తే తిప్పి కొడుతుంది. కరెంటుతో తెరుచుకుని మూసుకునే సాలినాయిడ్ వాల్వులో ఇసుక రేణువు ఇరుక్కుంటే నీళ్లు ఆగవు. దానికన్నా రీచార్జి కార్డులు మేలు, అందులో ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఒంటరి ముసలివాళ్లకి, కూలి ఇళ్లకి ఉచిత కార్డు ఇస్తే వరసలో నిలబడ్డప్పుడు ఎవరిది ఉచితమో ఎవరికీ తెలియదు. సాయం పుచ్చుకునేవాళ్ల గౌరవం నిలబడేలా ఇవ్వడం చాలా ముఖ్యం.

ఇప్పుడు లెక్క. మూడు వందల గడప, ఇంటికి రోజుకో ఇరవై లీటర్ల టిన్ను అంటే ఆరు వేల లీటర్లు, ఆరు గంటల పని. మోటార్లన్నీ కలిపి మూడున్నర హార్స్‌పవర్ అయితే నెలకు 450 నుంచి 500 యూనిట్లు. కనెక్షన్ ఏ కేటగిరీలో ఇస్తారో విద్యుత్ శాఖ ఏఈని ముందే అడగాలి, బిల్లులో తేడా అక్కడే వస్తుంది. నాలుగున్నర వేలు అనుకుందాం. ప్లాంటు చూసుకునే మనిషికి ఎనిమిది వేలు. మందు నెలకు కిలోన్నర, కాట్రిడ్జిలు, చిల్లర ఖర్చులు రెండు వేలు. మొత్తం 14,500. అరవై ఇళ్లకు ఉచితం పోను రోజుకు 240 టిన్నులు రెండు రూపాయల చొప్పున అమ్మితే నెలకు 14,400. రోజువారీ ఖర్చు దాదాపు సరిపోయింది, మెంబ్రేన్లకు మాత్రం ఒక్క పైసా మిగల్లేదు. పైగా వానాకాలంలో అమ్మకం తగ్గుతుంది, మనిషి జీతం తగ్గదు. చాలా ఊళ్లలో ప్లాంటుకు తాళం పడేది ఇక్కడే.

అందుకే దాతలకు మేం చెప్పేది ఒక్కటే: ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి మర్చిపోవద్దు. మెంబ్రేన్లు బాగా చూసుకుంటే రెండు మూడేళ్లు వస్తాయి. నాలుగూ మార్చడానికి డెబ్బై వేలు పక్కన పెట్టుకోవాలి. ముప్పై ఐదు మంది రెండేళ్లకొకసారి ఒక్క పీఎం కిసాన్ విడత, అంటే 2,000 చొప్పున ఇస్తే అది తీరిపోతుంది. ప్రారంభోత్సవం రోజు పాతిక వేలిచ్చి ఫోటో దిగే దాత కన్నా ఈ ముప్పై ఐదు మందే ఊరికి ఎక్కువ మేలు చేస్తారు.

వసూలులో కొన్ని జాగ్రత్తలు. విడత విడుదలైన రోజే అడగొద్దు. ఈకేవైసీ, ఆధార్ లింకు గొడవలతో కొందరికి ఆలస్యంగా పడుతుంది. పదిహేను రోజులు ఆగండి. ఎకరం, అరెకరం ఉండి తానే దున్నుకునే రైతును అసలు అడగొద్దు, అది అతని ఎరువు డబ్బు. అతను తనంతట తాను ఇస్తానన్నా తక్కువే తీసుకోండి. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేయించి, ముగ్గురిలో ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు తీసేలా బ్యాంకు ఖాతా తెరవండి. స్థలానికి పంచాయతీ తీర్మానం కాగితం మీద ఉండాలి, సర్పంచి నోటిమాట సరిపోదు.

కోనసీమ లంకల్లో పెట్టేవాళ్లు 2022 జూలై వరద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఊళ్లో అడిగి, దానికన్నా రెండడుగులు ఎత్తున అరుగు కట్టండి. జనరేటరు తగిలించే ఛేంజోవర్ స్విచ్ ముందే పెట్టించండి, వరదల్లో కరెంటు రోజుల తరబడి ఉండదు, మంచినీళ్లు ఎక్కువ కావాల్సింది అప్పుడే. రిజెక్టు నీళ్లలో ఉప్పు దాదాపు రెండింతలు ఉంటుంది. వాటిని పశువుల పాక కడగడానికి వాడుకుని మిగిలింది డ్రెయిన్‌లోకి వదలండి. మంచినీళ్ల చెరువులోకీ వరి చేలోకీ పోనివ్వొద్దు.

కొనేటప్పుడు బిల్లులో పదో వంతు ఆపి, మూడు నెలలు నడిచాక ఇస్తామని రాయించుకోండి. మెంబ్రేన్ కంపెనీ పేరు, సీరియల్ నంబరు బిల్లు మీద ఉండాలి. బిగించిన రోజు మెంబ్రేన్ ఉండే గొట్టం (హౌసింగ్) విప్పించి ఆ నంబర్లు సరిచూడండి.