ఓటు ఊళ్లోనా, బెంగళూరులోనా: ఏది మేలు?

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు జరిగినప్పుడు బెంగళూరులోని మడివాళ, మారతహళ్లిల నుంచి ఊళ్లకు వెళ్లే బస్సులు కిక్కిరిసిపోయాయి. వాటిలో వెళ్లినవారిలో చాలామందికి అంతకు రెండు వారాల ముందు, ఏప్రిల్ 26న, బెంగళూరులో జరిగిన పోలింగు ఒక సెలవు రోజు మాత్రమే. ఆంధ్రలో పోలింగు 80 శాతం దాటితే బెంగళూరు ఉత్తర, మధ్య, దక్షిణ స్థానాల్లో ఏ ఒక్కటీ 55 శాతాన్ని అందుకోలేదు.

పాలకుల మీద అపనమ్మకం రెండు చోట్లా ఉంది. ఆంధ్రలో అది పోలింగు కేంద్రం దాకా నడిచింది. 2019లో 175 అసెంబ్లీ స్థానాలకు 151 గెలిచిన పార్టీ 2024లో 11 దగ్గర ఆగింది, అధికారం చేతులు మారింది. బెంగళూరులో మాత్రం 'ఎవరొచ్చినా ఇంతేలే' అన్న మాటగా మిగిలిపోయింది. నా దృష్టిలో ఈ రెండోదే ప్రమాదకరం, ఎందుకంటే ఓడిపోతామన్న భయం లేని పాలన ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదనుకుంటుంది.

బెంగళూరు నగరపాలిక సంగతే చూడండి. రాజ్యాంగంలోని 243-యు అధికరణం ప్రకారం నగరపాలక మండలి గడువు ఐదేళ్లు, అది తీరేలోగా కొత్త ఎన్నిక జరగాలి. 2015 ఆగస్టులో ఎన్నికైన మండలి గడువు 2020 సెప్టెంబరులో తీరింది. వార్డుల పునర్విభజన, రిజర్వేషన్లు, కోర్టు వ్యాజ్యాల నడుమ, 2025లో నగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా విడదీసేనాటికీ ఎన్నిక జరగనే లేదు. చెన్నైలోనూ 2016 నుంచి 2022 దాకా ఇదే పరిస్థితి. దీనిపై బెంగళూరులో పెద్ద అలజడి రేగకపోవడానికి, ఓటు వేరేచోట దాచుకున్న మనవాళ్లమూ కొంత కారణమేమోనని నా అనుమానం.

ఊళ్లో ఓటు ఉంచుకునేవారి వాదన తీసిపారేయదగ్గది కాదు. పొలం అక్కడుంది, అమ్మానాన్నల పింఛను అక్కడే వస్తుంది. పది ఓట్ల తేడాతో తేలే సర్పంచి ఎన్నికలో ఒక్క ఓటుకు ఉండే బరువు, లక్షల ఓటర్లున్న నియోజకవర్గంలో ఉండదు. అయితే ట్యాంకరు నీళ్ల ధర, వాన పడితే వీధిలోకి వచ్చే చెరువు నీరు, ఇంటి పన్ను తేలేది ఇక్కడ. పైగా, సాధారణంగా నివసించే చోటే ఓటరుగా నమోదు కావాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది.

రెండు చోట్లా పేరుంచుకోవడం చట్టవిరుద్ధం, దాని గురించి చర్చ అనవసరం. ఇక వలస ఓటర్ల కోసం, ఒకే పోలింగు కేంద్రంలో 72 నియోజకవర్గాల ఓట్లు వేయగల యంత్రం నమూనాను ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించింది. ప్రతిపక్షాలు సందేహాలు లేవనెత్తడంతో అది ముందుకు సాగలేదు. ఓటరుకు సులువుగా ఉండే ఏర్పాటు కూడా పార్టీల మధ్య నమ్మకం లేకపోతే అలా ఆగిపోతుంది.

అందుచేత, రెండు మూడేళ్లలో తిరిగి వెళ్లిపోయేవారి మాట ఎలా ఉన్నా, ఇక్కడ ఇల్లు కొని పిల్లలను బడిలో వేసినవారికి బెంగళూరు ఓటే మేలు. ఓటును ఇక్కడికి మార్చుకోవడానికి ఫారం 8 అనే దరఖాస్తు ఒక్కటి చాలు. ఎన్నికల తేదీ ప్రకటించాక చూద్దామనుకుంటే, నామినేషన్ల గడువు తీరగానే జాబితాలో చేర్పులూ ఆగిపోతాయి.