ట్రెక్ లీడర్ కావాలంటే: ముందు కోర్సా, ముందు కొండా?

హిమాలయాల్లో కేదార్‌కంఠకో హంప్తా పాస్‌కో వెళ్లొచ్చిన ప్రతి హైదరాబాద్ బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు ఉంటారు, "ఇక ఈ ఉద్యోగం నావల్ల కాదు, ట్రెక్ లీడర్ అయిపోతా" అనేవాళ్లు. వాళ్ల ముందు మూడు దారులున్నాయి. ప్రభుత్వ పర్వతారోహణ సంస్థలో కోర్సు చేయొచ్చు. ట్రెకింగ్ కంపెనీలో చేరి పని నేర్చుకోవచ్చు. లేదా ఇక్కడే వీకెండ్‌కి జనాన్ని అనంతగిరికో తలకోనకో తీసుకెళ్తూ సొంతంగా మొదలుపెట్టొచ్చు.

కోర్సు అనగానే వినిపించే పేర్లు రెండు: 1954లో మొదలైన డార్జిలింగ్ హెచ్‌ఎంఐ (హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్), 1965లో వచ్చిన ఉత్తరకాశీ నిమ్ (నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్). మనాలీలో, పహల్గాంలో కూడా సంస్థలున్నాయి. బేసిక్ కోర్సు దాదాపు నాలుగు వారాలు. ఉత్తరకాశీలో అయితే ముందు తేఖ్లా దగ్గర బండలెక్కిస్తారు, ఆ తర్వాత బరువు మోయిస్తూ పైకి తీసుకెళ్లి మంచు మీద క్రాంపాన్లు (బూట్లకు కట్టే ఇనుప ముళ్లు), ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), తాడు పని నేర్పిస్తారు. సర్కారు సంస్థ కాబట్టి ఫీజు మరీ భారం కాదు. తిండి, సామాను అందులోనే వస్తాయి.

చిక్కల్లా సీటు, గ్రేడ్. సీటు కోసం నెలల తరబడి ఆగాలి. చివర్లో ‘ఏ’ గ్రేడ్ రాకపోతే అడ్వాన్స్‌డ్ కోర్సుకు తీసుకోరు. ఇన్‌స్ట్రక్టర్ కావడానికి చేసే ఎంఓఐ (మెథడ్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్) కోర్సు, అడ్వాన్స్‌డ్‌లోనూ మంచి గ్రేడ్ తెచ్చుకున్నవాళ్లకే. అందుకే ఒళ్లు సిద్ధం చేసుకోకుండా వెళ్తే నెల సెలవు సగం వృథా. సీటు వచ్చేలోగా బరువు వేసుకుని మెట్లెక్కండి, పరుగెత్తండి. భువనగిరి బండ ఎలాగూ దగ్గరే. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్నది అక్కడే. డార్జిలింగ్ ఆ తర్వాతే.

కోర్సులో ఉన్నాం కదా, ఏమీ కాదులే అనుకోవద్దు. 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డాండా శిఖరం మీద మంచుచరియలు విరిగిపడి నిమ్ అడ్వాన్స్‌డ్ బృందంలో పాతికమందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది మే నెలలోనే ఎవరెస్ట్ ఎక్కొచ్చిన ఇన్‌స్ట్రక్టర్ సవితా కన్స్వాల్ కూడా వాళ్లలో ఉన్నారు.

ఇంత నేర్పినా, కోర్సు మిమ్మల్ని క్లైంబర్‌ని చేస్తుంది తప్ప లీడర్‌ని చేయదు. మొదటిసారి మంచు చూస్తున్న ఇరవై మందిని ఎలా నడిపించాలో కంపెనీలో సీజన్ చేస్తేనే తెలుస్తుంది. సాయంత్రం ఒక్కొక్కరికీ ఆక్సీమీటర్ పెట్టి చూడాలి. కిందికి పంపేస్తారన్న భయంతో తలనొప్పి దాచేవాడిని కనిపెట్టాలి. తలనొప్పికి వాంతులు తోడైతే ఆ మనిషి ఇంకా పైకి వెళ్లకూడదు. అడుగు తడబడుతున్నా, కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా అర్ధరాత్రయినా కిందికి దించాల్సిందే. "డబ్బు కట్టాం, శిఖరం దాకా తీసుకెళ్లండి" అని గొడవపడే గుంపును వాతావరణం చూసి వెనక్కి తిప్పడం ఇంకా కష్టం. వంటవాళ్లు, గుర్రాలవాళ్లు, అటవీ శాఖ చెక్‌పోస్టు, ఇవన్నీ లీడర్ నెత్తినే.

ఈ దారిలో మొదట జీతం తక్కువ, అదీ సీజన్‌ను బట్టే. డిసెంబర్ నుంచి ఉత్తరాఖండ్ మంచు ట్రెక్‌లు, మే, జూన్ రద్దీ. అక్కడ వానలు మొదలైతే లదాఖ్, కశ్మీర్ వైపు మారగలిగినవాళ్లకే పని ఉంటుంది. రెండు ట్రిప్పులు చూపించి మూడోదానికి గుంపును అప్పజెప్పే కంపెనీలూ ఉన్నాయి. చేరేముందే అడగండి: ఆక్సిజన్ సిలిండర్ వెంట ఉంటుందా, లీడర్‌కి ఎంతమంది, స్టాఫ్‌కి ఇన్సూరెన్స్ ఉందా? ఈ ప్రశ్నలకు నీళ్లు నమిలితే వచ్చేయండి.

ఇంకో మాట, కాస్త చేదుగా ఉన్నా. కేదార్‌కంఠ ట్రెక్ మొదలయ్యే సాంక్రీ ఊళ్లో పుట్టిన కుర్రాడికి కొండ గురించి తెలిసినంత మనకు ఎప్పటికీ తెలియదు. మనం నిలబడేది ఫస్ట్ ఎయిడ్‌లో, మాట్లాడి నచ్చజెప్పడంలో, తెలుగు బ్యాచ్‌లను వాళ్ల భాషలోనే నడిపించడంలో. హిందీ మాత్రం తప్పదు.

సొంత వీకెండ్ ట్రిప్పులు చూడ్డానికి తేలిక. కానీ నల్లమలలో పులుల అభయారణ్యంలోకి అనుమతి లేకుండా గుంపును తీసుకెళ్తే కేసవుతుంది. నాగలాపురం వాగులు పైన వాన పడితే చెప్పకుండా పొంగుతాయి. ఏం జరిగినా జవాబు చెప్పుకోవాల్సింది మీరొక్కరే. ప్రాక్టీసుకు సరే, కెరీర్‌కి తొలిమెట్టుగా నేనైతే చెప్పను.

నా ఓటు కోర్సుకే, అదీ బేసిక్ వరకే. సీటుకి ఇవాళే అప్లై చేసి, ఆగే నెలల్లో వైల్డర్‌నెస్ ఫస్ట్ ఎయిడ్, అంటే ఆసుపత్రికి దూరంగా ఉన్నచోట చేసే ప్రథమ చికిత్స, నేర్చుకోండి. రెండు రోజుల కోర్సు ఉంది. వీలైతే వారం పైన పట్టే ఫస్ట్ రెస్పాండర్ కోర్సు ఇంకా మేలు, ముస్సోరీలోని హనీఫ్ల్ సెంటర్‌లో ఇలాంటివి నడుపుతారు. బేసిక్ కాగానే కంపెనీలో రెండు సీజన్లు. అడ్వాన్స్‌డ్, ఎంఓఐ మంచు శిఖరాలే లోకం అనుకునేవాళ్లకు; కేదార్‌కంఠ లాంటి ట్రెక్‌లు నడపడానికి అవి అక్కర్లేదు. ఇంటి ఈఎంఐ కడుతున్నవాళ్లు మాత్రం రాజీనామా రాయకండి. బేసిక్ కోసం నెల సెలవు అడగండి, జీతం లేకుండా ఇచ్చినా సరే.