శాన్ ఆంటోనియో మిషన్లు: నది గట్టున సైకిలు మీద రెండు రోజులు

టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోకు వెళ్లే మనవాళ్లలో చాలామంది ఆలమో ముందు ఫొటో దిగి, రివర్ వాక్‌లో పడవెక్కి, చీకటి పడేలోగా ఆస్టిన్‌కో హ్యూస్టన్‌కో తిరుగుముఖం పడతారు. మేమూ రెండుసార్లు అలాగే వెళ్లి వచ్చాము. ఈసారి మార్చి నెల మధ్యలో రెండు రోజులు కేటాయించుకుని, ఆలమోకు దక్షిణంగా నది వెంట వరసగా ఉన్న మిగతా నాలుగు మిషన్లను, అంటే స్పెయిన్‌వారు క్రైస్తవ మతప్రచారానికి నెలకొల్పిన పాత స్థావరాలను, సైకిళ్ల మీద, కొంతమేర కాలినడకన, తీరికగా చూశాము. కారులో తిరిగితే అయిదూ ఒక్క పూటలో అయిపోతాయి. కానీ స్పెయిన్ నుంచి వచ్చిన ఫ్రాన్సిస్కన్ సన్యాసులు వీటిని ఇక్కడ కట్టించింది నది నీటిని చూసుకుని కాబట్టి, ఆ నీటి వెంట వెళ్లినవారికే వీటి అమరిక అర్థమవుతుందని నాకు అనిపించింది.

ఇప్పుడు ఆలమో అని పిలిచే శాన్ ఆంటోనియో దె వలేరో 1718లో, శాన్ హోసే 1720లో మొదలయ్యాయి. కన్సెప్సియోన్, శాన్ హువాన్, ఎస్పాడా అనే మూడింటిని తూర్పు టెక్సస్ నుంచి 1731లో ఇక్కడికి తరలించారు. అయిదింటినీ కలిపి 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆలమో టెక్సస్ రాష్ట్రానిది. మిగతా నాలుగూ జాతీయ ఉద్యానవన శాఖ చూసుకునే చారిత్రక ఉద్యానవనంలో భాగం, వాటికి ప్రవేశ రుసుము లేదు. ఈ నాలుగు చోట్లా చర్చిలు ఇప్పటికీ ఆరాధన జరిగేవే కాబట్టి, పెళ్లో ప్రార్థనో ఉన్న వేళ లోపలికి వెళ్లడం కుదరకపోవచ్చు. కన్సెప్సియోన్‌లో మాకు అలాగే అరగంట పట్టింది, ఆ అరగంటా బయట ఓక్ చెట్ల కింద కూర్చున్నాము.

మొదటి రాత్రి ఊరి నడిబొడ్డున, రివర్ వాక్ పక్కనే ఉన్న ఒక పెద్ద హోటల్లో దిగాము. గది బాగానే ఉంది కానీ, కారు పార్కింగుకు విడిగా కట్టించుకున్నారు, సైకిళ్లను లోపల పెట్టుకోనివ్వలేదు, అర్ధరాత్రి దాటినా కింద పాటలు ఆగలేదు. రెండో రాత్రికి కింగ్ విలియం పేటలోని ఒక పాత ఇంటికి మారాము. పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ వర్తకులు ఇళ్లు కట్టుకున్న పేట అది. అద్దె కొంచెం ఎక్కువే అయినా సైకిళ్లకు వెనక వరండాలో చోటిచ్చారు, నది దారి అక్కడికి అయిదు నిమిషాలే. సైకిలు మీద వెళ్లదలచినవారు రెండు రాత్రులూ అటువైపే దిగడం మేలు.

సైకిళ్లు ఒక దుకాణంలో రోజంతటికీ అద్దెకు తీసుకున్నాము. నా సైకిలు చైను మొదటి రోజే రెండుసార్లు ఊడిపోయింది, గేరు కుదురుగా నిలవలేదు. ఫోను చేస్తే వెనక్కి తెచ్చుకోమన్నారే గాని ఎవరినీ పంపలేదు. అందుకే తీసుకునేటప్పుడే దుకాణం ముందు నాలుగు చుట్లు తొక్కి, గేర్లన్నీ వేసి చూసుకోవాలి, గాలి పంపు, అదనపు ట్యూబు అడిగి మరీ తీసుకోవాలి. దారి మాత్రం చాలా చక్కగా ఉంది. వరదల భయంతో ఒకప్పుడు ఈ నదిని తిన్నని కాలువలా మార్చేశారు. మళ్లీ వంపులు కల్పించి, స్థానిక గడ్డిజాతులనూ చెట్లనూ నాటి, మిషన్ రీచ్ పేరుతో దాదాపు 13 కిలోమీటర్ల మేర పునరుద్ధరించి 2013లో పూర్తిచేశారు. కొంగలు నీళ్ల అంచున కదలకుండా నిలబడి ఉంటాయి. చాలాచోట్ల చెట్లు ఇంకా నీడనిచ్చేంత ఎదగలేదు కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు దాకా పగటిపూట ఈ ప్రయాణం పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. పెద్ద వాన పడితే పల్లపు దారులు మునుగుతాయి, అది కూడా ముందే కనుక్కోవాలి.

కన్సెప్సియోన్ చర్చి 1755లో ప్రతిష్ఠ జరిగిన నాటి నుంచి పెద్దగా మారకుండా నిలిచి ఉంది. ఒకప్పుడు వెలుపలి గోడల నిండా ఉన్న రంగుల బొమ్మలు వెలిసిపోయాయి, లోపలి గదుల్లో కొన్ని మిగిలాయి. ఒక గది పైకప్పు మధ్యన మీసాలున్న సూర్యుడి ముఖం కనిపిస్తుంది. దానికోసం తల పైకెత్తి ఎంతసేపు నిలబడ్డా తనివి తీరలేదు. శాన్ హోసే అన్నింటికన్నా పెద్దది. నాలుగువైపులా ప్రహరీ, ఆ ప్రహరీనే గోడగా చేసుకుని మూలవాసుల కుటుంబాలు ఉండిన గదులు, ప్రసిద్ధి చెందిన రోజా కిటికీ, నీటితో తిరిగే పిండిమర, అన్నీ అక్కడే ఉన్నాయి. అయితే అక్కడ కనిపించేదాంట్లో చాలాభాగం 1930లలో మళ్లీ కట్టినదని గుర్తుంచుకోవాలి. ఇక్కడికి చేరిన చిన్న చిన్న తెగలను కలిపి కొవావిల్టెకన్లని పిలుస్తారు. అపాచీల దాడుల నుంచి, కరువు నుంచి తప్పించుకోవడానికి వచ్చినవారు తిండి, రక్షణ పొందారు. బదులుగా తమ భాషలనూ నమ్మకాలనూ వదులుకోవలసి వచ్చింది, మశూచి వంటి రోగాలకు ఎందరో బలయ్యారు. ఈ చర్చిలలో ఇప్పటికీ ప్రార్థనకు వచ్చేవారిలో వారి వారసులున్నారు. సందర్శక కేంద్రంలో చూపించే చిన్న చిత్రం వారి వైపు నుంచి కూడా మాట్లాడుతుంది, దాన్ని వదలకండి.

ఎక్కువమంది శాన్ హోసే చూసి వెనుదిరుగుతారు. నా మనసు నిలిచింది మాత్రం ఆ తరువాతి రెండింటి దగ్గర. రెండో రోజు సైకిళ్లను శాన్ హువాన్ దగ్గర తాళం వేసి, అక్కడి నుంచి ఎస్పాడాకు నడిచాము. శాన్ హువాన్ తెల్లని చిన్న చర్చి. దాని వెనక పాత కాలువ నీటితోనే ఇప్పటికీ పంట పండిస్తున్నారు, పండిన కూరగాయలు ఆహార సహాయ సంస్థ ద్వారా పేదలకు చేరతాయి. తూము పలక ఎత్తితే నీళ్లు సాళ్లలోకి పారడం చూస్తూ, మా రాయలసీమ చెరువుల కింద నీరుగంటి పార పట్టుకుని వంతులవారీగా మడవలు తిప్పడం గుర్తుకొచ్చి చాలాసేపు అక్కడే ఆగిపోయాను. ఇక్కడివాళ్లు కాలువను అసేకియా అంటారు. ఆ మాట స్పానిష్‌లోకి అరబ్బీ నుంచి వచ్చింది, కాలువ పనితనం కూడా స్పెయిన్‌వారు చాలావరకు అరబ్బుల దగ్గర నేర్చుకున్నదే.

ఎస్పాడా చర్చి ఇంకా చిన్నది. వాకిలి మీది ఆర్చి రాళ్లు ఒకదానికొకటి పొసగనట్టు వింతగా ఉంటాయి, పైన మూడు గంటలు వేలాడుతుంటాయి. అక్కడి నుంచి ఉత్తరంగా కొంత దూరం నడిస్తే 1740ల నాటి రాతి నీటివంతెన వస్తుంది. కింద వాగు, వాగు మీద రెండు ఆర్చీలు, వాటి మీద కాలువ. నీళ్లు ఇప్పటికీ పారుతున్నాయి. నేను కట్ట మీదకి వంగి చూస్తే కాలువ వెడల్పు రెండు చేతులు చాపినంత కూడా లేదు. నీళ్లు చప్పుడు లేకుండా, ఒక ఎండుటాకును మోసుకుంటూ సాగిపోతున్నాయి. మేమున్న ముప్పావుగంటలో అక్కడికి మరెవరూ రాలేదు.

తిండి విషయం ముందే చూసుకోవాలి. శాన్ హోసే పరిసరాల్లో మెక్సికన్ హోటళ్లు దొరికాయి, దాని తరువాత మాకేమీ కనిపించలేదు. శాకాహారులు ఉడికించిన బీన్సులోనూ టోర్టిలాలలోనూ పందికొవ్వు వేశారేమో అడగాలి, పందికొవ్వుకు స్పానిష్ మాట ‘మాంతేకా’ అని చెబితే వెంటనే అర్థం చేసుకుంటారు. మేము మధ్యాహ్నానికి పులిహోర కట్టుకెళ్లాము. మరుగుదొడ్లు నాలుగు మిషన్ల దగ్గరా శుభ్రంగా ఉన్నాయి, దారిలో మంచినీళ్లు మాత్రం తక్కువ, మనిషికి రెండు లీటర్లు వెంట ఉండాలి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో వెళ్లేవారు, ఒక్క రోజే ఉన్నవారు, సైకిళ్ల జోలికి పోకుండా ఉదయం ఎనిమిదింటికల్లా కారు శాన్ హువాన్ దగ్గర ఆపి, పొలం చూసి, నీటివంతెన దాకా కారులోనే వెళ్లి, శాన్ హోసేను మధ్యాహ్నానికి ఉంచుకోవచ్చు. వంతెన దగ్గర పచ్చిక మీద పరుచుకోవడానికి ఒక దుప్పటి తీసుకెళ్లండి.