శిక్షణ ఇచ్చి పనిలో పెట్టే సంస్థా, అమీర్‌పేట కోచింగా: ఏది మేలు?

క్యాంపస్ సెలక్షన్లలో ఎంపిక కాని ఇంజనీరింగ్ పట్టభద్రులకు హైదరాబాద్‌లో ప్రధానంగా రెండు దారులున్నాయి. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సొంత డబ్బుతో జావానో టెస్టింగో నేర్చుకుని ఇంటర్వ్యూలకు తిరగడం ఒకటి; తానే భత్యమిచ్చి నేర్పించి, ఆపైన క్లయింట్ కంపెనీకి పంపే సంస్థలో, ఇన్నేళ్లు మానకుండా పనిచేస్తానని బాండు రాసి చేరడం రెండోది. ముందుగా డిపాజిట్ కట్టమనే కన్సల్టెన్సీలను నేను ఈ రెండో కోవలో చేర్చను.

హాస్టలు ఖర్చు ఇంటి నుంచి తెప్పించుకోలేనివారికి రెండో దారే మేలని, అందులో నడిచినవాడిగా నమ్ముతున్నాను. ఫ్రెషర్లను నేరుగా తీసుకోని పెద్ద కంపెనీల ప్రాజెక్టుల్లో పనిచేసే అవకాశం నాకు అలాగే దొరికింది. క్లయింట్ చెల్లించే సొమ్ములో మన చేతికి కొంతే వస్తుంది. మిగిలినదానితోనే సంస్థ నడుస్తుంది కనుక దాన్ని తప్పుపట్టను.

అసలు చిక్కు బాండులో ఉంది. నేను సంతకం చేసిన స్టాంపు పేపరు మొదటి పేజీలో రెండేళ్లని ఉంది; ఆ గడువు చేరిన రోజు నుంచి కాక, క్లయింట్ దగ్గర పని మొదలైన రోజు నుంచి లెక్కిస్తారని నాలుగో పేజీలో ఉంది. మూడు నెలల శిక్షణ, భత్యం మీదే గడిపిన ఐదు నెలల బెంచి (ప్రాజెక్టు కోసం ఎదురుచూసే కాలం) ఆ లెక్కలోకి రాకపోవడంతో, నాకు రెండేళ్ల బాండు రెండేళ్ల ఎనిమిది నెలలైంది.

బాండు చెల్లదని స్నేహితులు తేలిగ్గా చెబుతుంటారు. మానేశాక మరోచోట చేరకూడదనే షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలవదన్నది నిజమే. కానీ గడువుకు ముందే మానేస్తే సొమ్ము కట్టాలనే షరతు వేరు: మూడేళ్లలోపు వెళ్లిపోతే 2 లక్షల రూపాయలు చెల్లించాలన్న విజయా బ్యాంకు నిబంధనను సుప్రీంకోర్టు 2025 మే నెలలో సమర్థించింది. కాబట్టి ఎంత మొత్తం రాశారో చూడకుండా సంతకం పెట్టకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎంత అడిగినా వారి దగ్గర ఉంచకూడదు.

అమీర్‌పేటలో ఈ కట్టుబాటు లేదు, నచ్చిన కోర్సు ఎంచుకోవచ్చు. అయితే కోర్సు అయ్యాక ఉద్యోగం వచ్చేదాకా గడిచే నెలలే కష్టం; దొంగ అనుభవ పత్రాల మాట చెవిన పడేదీ అప్పుడే, వెరిఫికేషన్‌లో పట్టుబడితే వచ్చిన ఉద్యోగమూ పోతుంది.

మా పిన్ని కొడుక్కి ఈ ఏడాది ఇలాంటి ఆఫరే వచ్చింది. గడువును చేరిన తేదీ నుంచి లెక్కిస్తామని లేఖలో రాసిమ్మని వాడి చేత మెయిల్ పెట్టించాను. రాసిచ్చారు, సోమవారం చేరుతున్నాడు.