అనంతపురంలో ఎగ్జిక్యూటివ్ ప్రెజెన్స్ ట్రైనింగ్: రెండో రోజు కోసమైనా వెళ్లొచ్చు

అనంతపురంలో ఉంటూ బెంగళూరు కంపెనీలకు పనిచేసేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ణి. టీమ్ లీడ్‌ని. వారమంతా ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు, అప్పుడప్పుడూ బస్సెక్కి ఆఫీసుకు. పని ఎంత బాగా చేసినా పెద్దవాళ్ల మీటింగులో మన మాటకు బరువు రావట్లేదనే బాధ మాలాంటివాళ్లందరికీ ఉంది. అందుకే సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక హోటల్ హాల్లో శని, ఆదివారాలు పెట్టిన ఎగ్జిక్యూటివ్ ప్రెజెన్స్ (అంటే పైవాళ్ల ముందు మన మాటకు, మనిషికి బరువు వచ్చేలా మాట్లాడే, నడుచుకునే తీరు) ట్రైనింగ్‌లో చేరాను. ఫీజు 6,500 రూపాయలు, మధ్యాహ్నం భోజనం అందులోనే. చేరదామనుకునేవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

ముందే చెప్పేస్తా, రెండో రోజు చాలా బాగుంది. మొదటి రోజు సగం వృథా.

మొదటి రోజు పొద్దున్నే తెర మీద ఒక లెక్క వేశారు: మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతం, గొంతుది 38, ముఖానిది 55 అని. ఇది చాలా ట్రైనింగుల్లో కనబడే స్లైడే, కానీ చెప్పే తీరు తప్పు. ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే సైకాలజిస్టు 1967లో అచ్చేసిన రెండు ప్రయోగాల నుంచి వచ్చిన అంకెలు అవి. విడివిడి మాటల్ని రకరకాల గొంతుల్లో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, మాట్లాడే మనిషికి ఎదుటివాళ్ల మీద ఇష్టం ఉందా లేదా అని అడిగారు, అంతే. ఇష్టాయిష్టాలు, భావాలు చెప్పే సందర్భానికి మాత్రమే ఇది వర్తిస్తుందని ఆయనే స్పష్టంగా చెప్పారు. ప్రాజెక్టు ఎందుకు లేటయిందో డైరెక్టరుకు చెప్పేటప్పుడు మాటలదే ప్రాణం. ఆ అంకెలు నమ్మిన కుర్రాడు రేపు మీటింగుకు విషయం చదువుకోకుండా షర్టు ఇస్త్రీ చేసుకుని వెళ్తాడు, నా భయమంతా అదే.

తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని రెండు నిమిషాలు నిలబడితే ధైర్యపు హార్మోన్లు పెరుగుతాయని అందరినీ లేపి నిలబెట్టారు. 2010లో వచ్చిన ఆ పరిశోధన చేసింది ముగ్గురు, వాళ్లలో డానా కార్నీ ఈ ప్రభావం నిజమని తాను నమ్మడం లేదని 2016లో బహిరంగంగానే రాశారు. అంతకుముందు ఏడాదే 200 మందితో మళ్లీ చేసి చూస్తే హార్మోన్లలో తేడా ఏమీ కనిపించలేదు. డబ్బు తీసుకుని నేర్పేవాళ్లు ఈ మాత్రం చూసుకోవాలి కదా. బ్రేకులో వెళ్లి చెప్పాను, విన్నారు, కానీ స్లైడ్ మారుస్తామని మాత్రం అనలేదు.

ఇక రెండో రోజు. ఒక్కొక్కరిని లేపి తమ ఆఫీసులో నిజంగా ఉన్న ఒక సమస్యను నిమిషంలో చెప్పమన్నారు, ఫోన్లో రికార్డు చేసి అక్కడే తెర మీద వేశారు. ఫ్యాక్టరీలకు విడిభాగాలు సప్లై చేసే ఒక కంపెనీ సూపర్‌వైజర్ లేచి ‘‘అంటే సార్, అదేమైందంటే, పోయిన వారం మా దాంట్లో ఒక మిషన్…’’ అని మొదలుపెట్టాడు. నిమిషం అయిపోయింది, మిషన్ దగ్గరే ఉన్నాడు. రికార్డింగ్ చూస్తే పెన్ను మూత తీయడం పెట్టడం, తీయడం పెట్టడం. ట్రైనర్ ఆయనతో ఒక్కటే చెప్పారు: ‘‘అన్నా, చివర్లో చెప్దామనుకున్న మాట ఉంది చూడండి, అది మొదట చెప్పండి.’’ రెండోసారి ఆయన ‘‘సరుకు శుక్రవారం రాదు సార్, మంగళవారం వస్తుంది. ఒక మిషన్ ఆగింది. రాత్రి షిఫ్టు పెంచడానికి మీ పర్మిషన్ కావాలి’’ అన్నాడు. హాలంతా ఒక్కసారిగా చప్పట్లు. అదే మనిషి, అదే మన సీమ యాస, అదే గొంతు. యాస మార్చుకోమని ట్రైనర్ ఒక్కసారి కూడా అనలేదు, ఆ సంగతి నాకు చాలా నచ్చింది. ప్రశ్న అడగ్గానే ఎగబడి జవాబు చెప్పకుండా ఒక ఊపిరి తీసుకుని మాట్లాడమని కూడా చేయించారు, చేస్తేగానీ తెలియదు ఎంత కష్టమో.

బ్యాంకులో పనిచేసే ఒక మేడం, మీటింగులో తను మాట్లాడుతుంటే మగవాళ్లు మధ్యలో అందుకుంటారని చెప్పారు. గొంతు పెంచండి అంటారేమో అనుకున్నా. అలా అనకుండా ట్రైనర్ మా వైపు తిరిగి, మీటింగు నడిపే మనిషి ‘‘మేడం చెప్పడం పూర్తి కాలేదు, అది విని మీ దగ్గరకు వస్తా’’ అనాలి, లీడర్‌గా మన బరువు తెలిసేది అక్కడే అన్నారు. నూటికి నూరుపాళ్లు నిజం.

నా అసలు కంప్లయింట్ ఆన్‌లైన్ భాగం గురించి. హాల్లో సగంమంది ఇంటి నుంచి పనిచేసేవాళ్లే, దానికి ఇచ్చింది ఆఖరి గంట. ఉన్నంతలో చెప్పినవి మాత్రం పనికొచ్చేవే. కెమెరా కళ్ల ఎత్తులో ఉండాలి, లేకపోతే అవతలివాళ్లకు మన గడ్డం, పైన తిరిగే ఫ్యాను కనబడతాయి. కిటికీ వెనకాల ఉంటే మన ఊరి ఎండకు ముఖం నల్లగా పడుతుంది, కాబట్టి కిటికీకి ఎదురుగా కూర్చోవాలి. సగంమంది ఆఫీసు గదిలో, సగంమంది తెర మీద ఉన్న మీటింగులో లీడర్ ముందు తెర మీదివాళ్లను అడగాలి, లేకపోతే గదిలో ఉన్నవాళ్లే మాట్లాడేసుకుని ముగిస్తారు. ఇది నేను ప్రతి వారం చూస్తున్నదే.

వదిలేసినవి చాలా ఉన్నాయి. వీడియో కాల్స్‌లో మన ముఖం మనమే రోజంతా చూసుకోవడం అలసటకు ఒక కారణమని స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ 2021లో రాశారు, జూమ్‌లో దాన్ని దాచుకునే సౌకర్యం కూడా ఉంది. ఆ మాట ఎత్తలేదు. కరెంటు పోయినా లైన్ నిలబడేలా రౌటర్‌ను ఇన్వర్టర్‌కు కలుపుకోవడం, మన లైన్ తెగితే మీటింగు ఎవరు నడపాలో ముందే టీమ్‌కు చెప్పి ఉంచడం, ఆఫీసులో లేని మన పని పైవాళ్ల కంట పడేలా మీటింగు అయ్యాక నాలుగు వాక్యాల మెయిల్ పెట్టడం, ఇవన్నీ చెప్పి తీరాల్సినవి.

భోజనం బాగుంది, ఉగ్గాని బజ్జీ టిఫిన్ కూడా పెట్టారు. హాల్లో ఏసీ హోరుకు వెనక వరసలో మాటలు సరిగా వినబడవు, ముందు కూర్చోండి. మనుషుల్ని నడిపించే పనిలో కొత్తగా పడ్డవాళ్లు వెళ్లండి, ఆ రికార్డింగ్ ఒక్కదానికే ఫీజు గిట్టుబాటు అవుతుంది. పూర్తిగా ఇంటి నుంచే పనిచేసేవాళ్లయితే డబ్బు కట్టేముందు ఫోన్ చేసి ఆన్‌లైన్ భాగం ఎన్ని గంటలో అడగండి, ఇంకా ఒక్క గంటే అంటే తర్వాతి బ్యాచ్ దాకా ఆగండి. అయిదుకు మూడున్నర ఇస్తున్నా.