చరిత్ర పాఠంలో గూగుల్ ఎర్త్: కొన్నేళ్లు వాడాక

ఉన్నత పాఠశాలలో చరిత్ర చెప్పే నేను కొన్నేళ్లుగా, ఉపగ్రహ చిత్రాలతో భూగోళమంతా చూపే గూగుల్ ఎర్త్ వాడుతున్నాను. తరగతి గదిలోకి వచ్చిన పరికరాల్లో మోజు తీరాక కూడా నా దగ్గర మిగిలింది దాదాపు ఇదొక్కటే. అయితే దీని బలం ‘ఎక్కడ’, ‘ఎంత మారింది’ అన్న ప్రశ్నల వరకే. ‘ఎందుకు’ అని అడిగితే నోరు విప్పదు. అది తెలిసి వాడేవారికే ఇది పనికొస్తుంది.

కంప్యూటర్‌లో వేసుకునే ప్రో వెర్షన్ 2015 నుంచి ఉచితం. అందులో పాత చిత్రాలను తేదీల వారీగా చూపే సదుపాయమే నాకు అన్నిటికన్నా ముఖ్యం. కొన్ని ఐరోపా నగరాలకు రెండో ప్రపంచ యుద్ధ కాలపు వైమానిక చిత్రాలు కూడా ఉన్నాయి. పోలండ్ రాజధాని వార్సాలోని పాత పట్టణాన్ని ముందు ఇప్పటి రూపంలో చూపిస్తాను. రంగురంగుల ఇళ్లు చూసి, అవి కొన్ని వందల ఏళ్ల నాటివని పిల్లలు ధీమాగా చెబుతారు. అప్పుడు వెనక్కి, యుద్ధపు రోజులకు జరుపుతాను. గదిలో చప్పుడు ఆగిపోతుంది. జర్మన్ ఆక్రమణపై 1944లో నగరంలో లేచిన తిరుగుబాటును అణచివేశాక జర్మన్ సేనలు నగరాన్ని పనిగట్టుకుని కూల్చాయనీ, పాత చిత్రాలు, కొలతల పటాలు ముందు పెట్టుకుని పోలండ్ ప్రజలు ఆ పట్టణాన్ని మళ్లీ కట్టుకున్నారనీ, యునెస్కో 1980లో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిందనీ చెబుతాను. ‘అయితే అది పాతదా, కొత్తదా?’ అన్న ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు. ఆ రోజు పాఠ్యపుస్తకం తెరిచే పని ఉండదు.

కొలత సాధనమూ బాగా పనికొస్తుంది. లండన్ నుంచి అరేబియా సముద్రానికి ఆఫ్రికా చుట్టూ ఒక గీత, ఈజిప్టులోని సూయజ్ కాలువ మీదుగా మరొక గీత పిల్లలతోనే గీయిస్తాను. వేల కిలోమీటర్ల తేడా వాళ్లే కనిపెడతారు. 1869లో కాలువ తెరవడం ఎంత పెద్ద సంగతో వేరే చెప్పనక్కర్లేదు. కానీ బ్రిటన్ 1875లో ఆ కాలువ వాటాలు ఎందుకు కొన్నది, ఈజిప్టు పాలకుడు వాటిని అమ్ముకునేంతగా అప్పుల్లో ఎలా కూరుకుపోయాడు, 1882లో ఈజిప్టులో బ్రిటిష్ సైన్యం ఎందుకు దిగింది? ఇవేవీ గీతలో కనిపించవు. అక్కడ ప్రొజెక్టర్ ఆపేసి నల్లబల్ల దగ్గరికి వెళ్లాల్సిందే.

ఉపగ్రహ చిత్రం చూపేది నేటి నేలను. దాన్నే నాటి నేల అనుకుంటే చిక్కు. పర్షియా సేనను గ్రీకులు అడ్డుకున్న థర్మోపైలే కనుమ చూపిస్తే, ఇంత వెడల్పాటి మైదానంలో గుప్పెడు మంది అంత సేనను ఎలా ఆపారని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. క్రీ.పూ. 480లో అక్కడ కొండకూ సముద్రానికీ మధ్య ఇరుకు దారి ఉండేది. నది తెచ్చిన ఒండ్రు పేరుకుని సముద్రం కిలోమీటర్ల దూరం జరిగిపోయింది. నేటి దేశాల సరిహద్దులు చూపే లేయర్‌ను కూడా పాఠానికి ముందే ఆపేయాలి. లేకపోతే అలెగ్జాండర్ ఇరాక్‌ను జయించాడని జవాబు పత్రాల్లో చదవాల్సి వస్తుంది.

పోలిక కోసం చెబుతున్నాను, ఒక సంస్థ అమ్మిన వీఆర్ (కళ్లకు తగిలించుకుంటే ఆ చోటే ఉన్నట్టు చూపే వర్చువల్ రియాలిటీ) ప్యాకేజీ కూడా కొంతకాలం వాడాం. పురాతన నగరాలను గోడలు, రంగులు, మనుషులతో సహా కళ్లకు కట్టారు. తవ్వకాల్లో దొరికిందేదో, చిత్రకారుడు ఊహించిందేదో ఎక్కడా గుర్తు పెట్టలేదు. చరిత్ర పాఠానికి అంతకన్నా పెద్ద లోపం ఉండదని నా అభిప్రాయం. గడువు తీరాక మళ్లీ కొనలేదు.

నెట్ నమ్మకం లేని చోట, కావలసిన దృశ్యాలను ముందురోజే చిత్రాలుగా భద్రపరచుకుంటే పాఠం ఆగదు. ఎనిమిదో తరగతి, ఆ పైన చెప్పేవారికి నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. చిన్న తరగతులకు మాత్రం వద్దు; భూగోళాన్ని గిరగిరా తిప్పడంతోనే పీరియడ్ అయిపోతుంది.