గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్: లాంగ్ లాంగ్, ఓలాఫ్సన్

జర్మన్ స్వరకర్త బాఖ్ 1741లో అచ్చువేయించిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌లో ఒక ఏరియా (aria, పాటలాంటి చిన్న రచన), దాని మంద్ర స్వరాల పునాది మీద కట్టిన 30 రూపాంతరాలు ఉంటాయి. ఈ కృతిని డాయిచె గ్రామోఫోన్ రికార్డింగు సంస్థ 2020లో చైనా పియానిస్టు లాంగ్ లాంగ్ వాదనంలోనూ, 2023లో ఐస్‌లాండ్ పియానిస్టు వికింగుర్ ఓలాఫ్సన్ వాదనంలోనూ విడుదల చేసింది.

లాంగ్ లాంగ్ స్టూడియో రికార్డింగు 90 నిమిషాలు దాటుతుంది. దానికి తోడు, బాఖ్ సమాధి ఉన్న, జర్మనీలోని లైప్‌జిగ్ సెయింట్ థామస్ చర్చిలో లాంగ్ లాంగ్ చేసిన కచేరీ కూడా డీలక్స్ ఎడిషన్‌లో దొరుకుతుంది. ఓలాఫ్సన్ సుమారు 74 నిమిషాల్లో ముగిస్తాడు. ఈ తేడా తొలి ఏరియాలోనే తెలిసిపోతుంది: లాంగ్ లాంగ్ ప్రతి గమకం దగ్గరా ఆగి, సాగదీసి, మళ్లీ కదులుతాడు, ఓలాఫ్సన్ మాత్రం లయను వదలకుండానే పియానోను పాడించగలడు.

మైనర్ శ్రుతిలో (విషాద ఛాయ ఉన్న స్వరశ్రేణిలో) సాగే 25వ రూపాంతరానికి లాంగ్ లాంగ్ పది నిమిషాలకు పైగా తీసుకుంటాడు. రాగాలాపనకు అలవాటుపడిన మన చెవికి ఆ విలంబం మొదట ఇంపుగానే ఉంటుంది గానీ, కొంతసేపటికి ఎడమచేతి నడక తెగిపోయి స్వరాలు విడివిడిగా మిగిలిపోతాయి. ప్రతి మూడో రూపాంతరంగా వచ్చే కానన్లలో, ఒక గొంతును (స్వరధారను) మరొకటి అనుసరించే తీరును ఓలాఫ్సన్ ఎంత తేటగా వినిపిస్తాడంటే, సంగీతలిపి చదవడం రానివారు కూడా రెండు గొంతులనూ వేరుచేసి పట్టుకోగలరు. 2025లో గ్రామీ పొందిన ఈ రికార్డింగునే, ఈ కృతిని మొదటిసారి వినబోయేవారికి నేను నిస్సంకోచంగా సూచిస్తాను.